చేత్తో తెచ్చిన చలికాలం

గల్ఫ్‌లో, షార్జా వైపున్న కల్బాలో ఓ అద్దె ఇంటి పెరడు. ఆపిల్ చెట్టు ఊదా ఆకులను తండ్రి దూసేస్తుంటే, ఆస్పత్రి డ్యూటీ దిగి వచ్చిన కూతురు గేటు దగ్గరే కేకేసింది.

"ఆపు నాన్నా, ఆపు!"

"ఆపిల్ అని పూర్తిగా అనొచ్చుగా, ఆపు దగ్గరే ఆపేశావేం?"

"జోకులొద్దు. అమ్మ పెంచిన చెట్టుకి ఒక్క ఆకైనా మిగిల్చావా?"

"ఇక్కడ చలి ఏసీలోనే ఉంటుందమ్మా. ఆకులు చేత్తో దూసేస్తే, చలికాలం వచ్చి వెళ్ళిందనుకుని చెట్టు పూస్తుందట. నర్సరీ ఆయన చెప్పాడు."

"నిరుడు నువ్వు దూస్తానంటే అమ్మ వద్దంది కదా?"

"ఈ బీట్‌రూట్ రంగు ఆకులంటే మీ అమ్మకి ప్రాణం. పూలు వచ్చే ఏడాది చూద్దాంలే అంది. వచ్చే ఏడాది వచ్చింది, మీ అమ్మే లేదు."

"మరి ఇప్పుడెందుకు?"

"మార్చిలో వీసా ఖలాస్, ఇల్లు ఖాళీ. మనం కాకినాడ వెళ్ళిపోతాం, మీ అమ్మ ఈ ఇసుకలోనే ఉండిపోతుంది. ఈలోగా పూస్తే, ఆ పూలు సమాధి మీద పెట్టి వెళ్దామని."

"పూయకపోతే?"

"ఉన్న ఆకులు కూడా పోగొట్టావని తిడుతుంది."

"నాన్నా..."

"తిట్టనీ తల్లీ. ఒక్కసారి ఆ గొంతు వినబడితే చాలు."