పెంచలకృష్ణ ఏరిన ఇత్తడి గుండిగ

“అది రెండువేల ఇరవై రెండు, కార్తీకం. ముసురు పట్టి పడవలన్నీ ఒడ్డెక్కి ఉండాయి. వేట లేదు గదా, గుండిగ కొందామని నెల్లూరు పోయినా,” అని పెంచలకృష్ణ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

ఎదురుగా హెబ్రోను కూర్చున్నాడు. కూతురు సుభాషిణి చేత వేరు కాపురం పెట్టిస్తున్నాడు. మర్నాడు వంట సామాన్లకు నెల్లూరు పోవాలి. గిన్నెలు ఏరడానికి తనను తీసుకుపొమ్మని పెంచలకృష్ణ పట్టు. పక్క బెంచీ మీద పెంచలకృష్ణ బావమరిది చిన్నపోలయ్య తల వంచుకొని టీ తాగుతున్నాడు.

“చెంచమ్మ, మా ఇంటిది, మట్టి చట్టి తెమ్మనింది. చేపల పులుసుకు అదే మేలంట. కొత్త చట్టంటే నానబెట్టాల, గంజి పోసి కాగబెట్టాల, చంటిబిడ్డను సాకినట్టు సాకాల. అంత ఓపిక మనకేంది? అంగట్లో ఇత్తడి సామాను కొండ మాదిరి పోసుండారు. నేను కళ్ళు మూసుకున్నా. ఒక్కొక్కదాన్నే వేలి కణుపుతో కొట్టుకుంటా పోయినా. ఒకటి దగ్గింది, ఒకటి గురక పెట్టింది. మూలనున్న పాత గుండిగను కొట్టినా చూడూ, ఖంగుమనింది! అంగడాయన లేచి దండం పెట్టినాడు.”

“గుండిగకా, నీకా?” అన్నాడు టీ కాచే సుధాకర్.

“ఇద్దరికీరా. ఆ మోత ఆగితేగా! బస్సులో ఒళ్ళో పెట్టుకున్నా, మోగతానే ఉండాది. ఊళ్ళో దిగేసరికి గుళ్ళో హారతి అనుకొని జనం చేతులు జోడించి నిలబడినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బిట్రగుంటలో రైలు ఆగిపోయింది!”

“ఆ రోజు మా తమ్ముడు ఆ రైల్లోనే ఉండాడన్నా. సిగ్నల్ లేదన్నారే!” అన్నాడు సుధాకర్.

“సిగ్నల్ వేసేవాడు గుండిగ మోత వింటా కూర్చుంటే ఇంకేం వేస్తాడు? విను. ముసురు విడిచినాక దాన్ని పడవలో పెట్టుకొని పోయినా. నడిసముద్రంలో ఒక్క దెబ్బ కొట్టినా. పండుగప్పలు వరసగట్టి వచ్చి, పెద్దవి చిన్నవాటికి దారిచ్చి, గుండిగలోకి దూకినాయి. ముక్కలు కూడా అవే కోసుకున్నాయని చెప్పను, అబద్ధం నా నోట రాదు. పొలుసులు మాత్రం ఒలుచుకొనే వచ్చినాయి.”

హెబ్రోను నవ్వాడు. “మరి లోపల కళాయి పూయించినావా అన్నా? ఇత్తడి గదా, పులుపు పడదే.”

“చెంచమ్మదీ అదే పాట. కళాయి వేసేవాడు వాకిట్లోకి వస్తే నేనే పంపించేసినా. నాసిరకానికి కళాయిగానీ, నేను చెవితో ఏరిన దానికెందుకు? మూడు టెంకాయ పీచులు ఎగదోసినా, పులుసు తెర్లింది. ఆ వాసనకు రేవుకు పోయే ఓడ మళ్ళుకొని మన ఊరి ముందు నిలబడింది. కెప్టెన్ గిన్నె పట్టుకొని దిగినాడు! ఊరంతా తిన్నా తరగలా. మన పులుసు తెల్లారితేనే గదా రుచి! రాత్రంతా గుండిగలోనే ఉంచినా. పొద్దున మూత తీస్తే, అబ్బా, అంచు చుట్టూ పచ్చలు పొదిగినట్టు ఆకుపచ్చగా మెరస్తా ఉండాది! నగల అంగళ్ళ వాళ్ళు వచ్చి...”

“తిన్నదెవరు బావా?” అన్నాడు చిన్నపోలయ్య.

“ఏంది?”

“తెల్లారి ఆ పులుసు తిన్నదెవరు? రాత్రి అందరికీ పెట్టి మా అక్క తినకుండా పడుకునింది. పొద్దున అడుగున మిగిలింది చద్దన్నంలో కలుపుకొని తిన్నది అక్క ఒక్కతే. నువ్వు చెప్పే పచ్చలు ఇత్తడికి పట్టిన చిలుము బావా, విషం. ఆటోలో నా ఒళ్ళోనే పడుకోబెట్టుకొని పోయినా. దారంతా కక్కుతానే ఉండాది. ఏ గిన్నెలో వండినారని డాక్టరు అడిగితే, చేప చెడిందని చెప్పినావు. ఊరంతా అదే నమ్మింది.”

“చేపే! నా చెవి ఎప్పుడూ తప్పు చెప్పదు,” అన్నాడు పెంచలకృష్ణ. సుధాకర్ గ్లాసులు కడగడానికి తిరిగాడు. అతనే మళ్ళీ, “రేపు ఏ బస్సుకు పోదాం హెబ్రోనూ?” అన్నాడు.

హెబ్రోను లేచాడు. “నేనూ బిడ్డా పోతాంలే అన్నా. చట్టి అదే ఏరుకుంటుంది.”

గుండిగ కొన్న ఆ కార్తీకం దాటకముందే చెంచమ్మ నెల్లూరు ఆసుపత్రిలో చనిపోయింది. ఆమెకు యాభై ఏళ్ళు.