దింపుడుకల్లం కాడ ఆగిన లారీ

ఓదెలుకు ఎడమకాలు మోకాలు కాడికే ఉంటది. క్వారీల బండ మీద పడి పోయిందది. కాలు లేనోడు లారీ ఎట్ల తోలుతడని నోళ్లు తెరవకుండ్రి, చెప్తున్న గద. వాళ్ల అన్న మొగిలి ఒక టిప్పర్ కొన్నడు. బొగ్గుబాయిలోళ్లు పాతబండ్లు వేలమేస్తే పాడుకున్నడన్నట్టు. ఏ దేశపు బండో ఏమో, దానికి క్లచ్చు లేదు. ఆటోమేటిక్ అంటరు చూడు, గేర్లు దానంతటదే మార్చుకుంటది, కుడికాలు ఒక్కటుంటే చాలు. తమ్ముడు అరుగు మీద కూసోని ఈగలు కొట్టుకుంటుంటే మొగిలికి పానం ఒప్పలే. "లేరా, ఈ బండి నీ కోసమే తెచ్చిన" అని పక్కకు ఎక్కించుకోని నేర్పిండంట. ఇగ పొద్దటీలి అన్న, పగటీలి తమ్ముడు. క్వారీల కంకర నింపుకునుడు, రోడ్డు పనుల కాడ పోసుడు. రెండిండ్ల పొయ్యిలు ఆ బండితోనే మండేటివి.

ఏమైందంటే, ఒక వానకాలం మొగిలి స్టీరింగు మీదనే ఒరిగిండు. గుండె. క్వారీల లోడు నింపుతుంటే, చెయ్యి గేరురాడ్డు మీద పెట్టుకోని కూసున్నోడు కూసున్నట్టే పోయిండంట. ఆ చెయ్యి రాడ్డు నుంచి ఇడిపియ్యనీకి ఇద్దరు పట్టిండ్రు. పైన ముసురు. పీనుగులను పూడ్చే బొందలగడ్డ తొవ్వంత మోకాలు లోతు బురద, పాడె భుజాన ఎత్తుకుంటే మోసేటోళ్లు కూడ అండ్లనే కూరుకపోయేటట్టున్నది. సరేనని టిప్పర్ల పండుకోబెట్టిండ్రు, ఓదెలు తోలిండు. మీకు ఎరుకే గద, సగం తొవ్వల దింపుడుకల్లం ఉంటది. ఆడ పాడె దించి, సచ్చినోని చెవుల మూడుసార్లు పిలువాలె. పానం ఏ మూలనన్న ఉంటే పలుకుతడని. పలుకకపోతే ఇగ మనోడు కాడని లేపుకపోతరు. గా కల్లం కాడ ఓదెలు ఆపలే. ఎందుకంటే ఇంజను అప్పటికే దగ్గుడు వెట్టింది, ఆపితే మళ్ల అందుకోదు, అన్న శవం నడితొవ్వల వానకు నానుతదని వాని భయం. ఎనుక నుంచి పెద్దమనుషులు, ఆపురా ఓదేలూ, దింపాలెరా అని మొత్తుకున్నరు. వాడు "ఆపితే అందుకోదు, ఆపితే అందుకోదు" అనుకుంట పోనేపోయిండు. పిలువకుండనే పూడ్చిపెట్టిండ్రు.

ముసురు ఎలిసినంక ఆ ఇంజను నిజంగనే పట్టేసింది. మండలంల యాకూబ్ అని మెకానిక్ ఉండె, మొగిలికి దోస్తు. ఆయన చూసి, ఇది ఇగ లేవది ఓదెలన్నా, పల్టీ కొట్టిన లారీది ఒక ఇంజను నా కాడున్నది, దాని గేర్‌బాక్సు దానికే ఉన్నది, రెండు కలిపే ఎక్కిద్దాం, ఈ పాత గేరుడబ్బాను తుక్కుల ఏద్దాం అన్నడంట. ఓదెలు అడిగిండు, "దానికి క్లచ్చు ఉంటది గద?" "ఉంటది." "మరి దేనితోని తొక్కాలె?" యాకూబ్ వాని చంకకర్ర దిక్కు చూసి తల గోక్కున్నడు. ఇగ ఏం చేస్తడు, కొత్త ఇంజనుకు పాత గేర్‌బాక్సే బిగించిండు. అది ఒడిసే ముచ్చటనా? దీని బోల్టుల తొర్రలు దానికి కలువయి, దాని కొలత దీనికి రాదు. లేతుమిషన్ కాడ నడుమకు ఒక ఇనుప పల్లెం కోయించి, రెంటిని అతికించిండంట. ఇంజను పరాయిది, డబ్బా మొగిలిది. గది యాదికుంచుకోండ్రి, ఎందుకంటే ఇంజనుకు ఏం ఎరుక లేదు. ఎరుకున్నదంత డబ్బాకే.

బండి మంచిగనే నడిచింది అనుకో. ఓదెలు ఈల ఏసుకుంట లోడు నింపుకోని వస్తున్నడు, మిట్టమధ్యాహ్నం. దింపుడుకల్లం కాడికి రాంగనే గేరు ఇడిసిపెట్టింది. ఇంజను గుర్రుమంటది, గిర్రలు తిరుగయి. రాడ్డు చూస్తే సక్కగనే ఉన్నది. పక్కన తుమ్మచెట్ల మీద ఎప్పుడు కాకులు లొల్లి చేస్తుంటయి, ఆ యాల్ల ఒక్కటి లేదు. జరసేపయినంక గేరు దానంతటదే అందుకున్నది, ఎవలో మెల్లగ ఎనుక నుంచి నెట్టినట్టు. తెల్లారి అట్లనే. ఆ తెల్లారి అట్లనే. ఇంకే తొవ్వల పోనీ, సుక్కంత కూడ నకరాలు చెయ్యది. ఆడికి వస్తేనే.

యాకూబ్ కాడికి పోయి చెప్తే నూనె మార్చిండు, వాషర్లు మార్చిండు, ఏం మారలే. ఆఖరికి డబ్బా ఇప్పిండు. ఇప్పి, లోపల వేలు పెట్టి చూసిండంట. ఓదెలు "ఏందన్నా" అంటే, "లోపల ప్లేట్లన్ని అరిగి మసయినయి. గుంజేతందుకు లోపల ఏం మిగల్లే. ఇది నడువద్దు ఓదెలన్నా. ఇది ఎప్పుడో సచ్చింది. ఎవలు తిప్పుతున్నరో నాకు తెల్వది" అని, చేతులు కడుక్కోని నమాజుకు పోయిండు. తిరిగొచ్చి, ఏ సామాను ముట్టకుండ ఎట్లున్నది అట్లనే మూసిండు.

ఓదెలు గజగజ వణికిండు అనుకుంటున్నరా? వణుకలే. సంబురపడ్డడు. మా అన్న పోలే, నా ఎంబడే ఉన్నడు అనుకున్నడు. మనుషులు అంతే, పనికొచ్చే దయ్యాన్ని చూసి ఎవలు భయపడరు. ఇగ బండి ఎక్కంగనే "పోదామా అన్నా" అనుడు, ఒక బీడీ ముట్టించి అద్దం కాడ పెట్టుడు, పొలంల వరి ఎట్లున్నది, ఎవలింట్ల పెండ్లి అయింది, అన్ని చెప్పుకుంట తోలుడు. బీడీ దానంతటదే చివరిదాక కాలుతుండెనంట. కల్లం కాడ ఆగితే కండ్లు మూసుకోని కూసుంటడు, గేరు అందుకునేదాక. మూడుసార్లు పిలిస్తే అయిపోతదని వానికి తెల్వదా? తెలుసు. పిలిస్తే అన్న పోతడు, అన్న పోతే డబ్బా పోతది, డబ్బా పోతే వాడు మళ్ల అరుగు మీదికే. అందుకని నోరు మూసుకున్నడు.

గని ఆగుడు పొద్దు పొద్దుకు ఎక్కువయింది. గేరురాడ్డు కొస తడితడిగ ఉంటుండె, ఎంత తుడిసినా. ఒకనాడు కల్లం కాడి ఎత్తుమీద నిండు లోడుతోని బండి ఎనుకకు జారింది, పక్కపొంటి సైకిల్ మీద వచ్చేటోడు దుంకి బతికిండు. అయినా ఓదెలు ఎవలికి చెప్పలే. పానం మీద తీపి కాదది, తోలుడు మీద తీపి.

మొగిలి పెండ్లాం భూలచ్చి ఒకనాడు తల్లిగారింటికి పోవాలె, బస్సు రోడ్డు దాక దింపు మరిదీ అని ఎక్కింది. ఎక్కి, మొగుడు కూసున్న సీటు దిక్కు చూడలేక బయటికి చూసుకుంట కూసున్నది. కల్లం వచ్చింది, గేరు ఇడిసిపెట్టింది. ఎండ ఫెళ్లున కాస్తున్నది, చెట్ల మీద ఒక్క ఆకు కదులుతలేదు. "ఏమైంది" అంటే "వేడెక్కింది వదినె, జర ఆగు" అన్నడు ఓదెలు. ఆమె దిగుదామని లేచి ఆసరాకు రాడ్డు పట్టుకున్నది. పట్టుకున్న చెయ్యి తియ్యలే. "మరిదీ, ఇది వణుకుతున్నది" అన్నది. "ఇంజను వదినె." "ఇంజను కాదు. వడ్లబస్తా మోసుకొచ్చి దించినంక ఆయన చెయ్యి గిట్లనే వణికేది. గిట్లనే చెమట పట్టేది. ఆనాడు ఈడ దింపినవా?" ఓదెలు తల వంచుకున్నడు. దింపలే వదినె, ఇంజను ఆగిపోతదని దింపలే అన్నడు. "తెలిసి కూడ ఇన్నొద్దులు మోపిచ్చుకున్నవా?"

ఓదెలు ఏడ్చిండు. "నేను పిలిస్తే ఆయన పోతడు వదినె. ఇగ నేనెట్ల బతుకాలె? నాకు కాలు లేదు గద" అన్నడు. ఆమె కూడ ఏడ్చింది. "నాకు మాత్రం ఆయన పోవాలని ఉన్నదా? నాకు తెలిస్తే నేనే ఈ సీట్ల పడి ఉందును. గని చూడు, ఎట్ల అలిసిపోయిండో చూడు. నేను పేరువెట్టి పిలిచేదాన్ని కాదు. నువ్వే పిలువాలె." అని తాళంచెవి తిప్పి ఇంజను బందు చేసి, చెవి తీసి కొంగున కట్టుకోని దిగిపోయింది.

చెవుల పిలువాలె గద, లారీకి చెవి ఏడుంటది? ఓదెలు క్యాబిన్లనే సీటు కింద కూసోని, రాడ్డు మొదట్ల తొర్ర కాడ నోరు పెట్టిండు. "మొగిలన్నా" అని పిలిచిండు. ఏం లేదు. "మొగిలన్నా" అని రెండోసారి పిలిచిండు. లోపల ఇనుము టిక్కుమన్నది, వేడి ఇనుము చల్లారితే అంటది చూడు, అట్ల. మూడోసారి పిలిచేముందు తలెత్తి వదినె దిక్కు చూసిండు. భూలచ్చి కింద నిలబడి చూస్తున్నది. అప్పుడు "అన్నా, మొగిలన్నా" అని పిలిచి, తొర్రకు చెవి ఆనిచ్చి అట్లనే ఉన్నడంట. ఎంతకూ లేవడు. ఆమె "మరిదీ" అంటే ఉలిక్కిపడి లేచి, చంకకర్ర కూడ మరిచి, ఒంటికాలు మీద కిందికి దుంకి దుబ్బల పడ్డడు. పడ్డోడు నోటికి రెండు చేతులు అడ్డం పెట్టుకున్నడు.

అప్పుడు లారీ కదిలింది. తాళంచెవి ఆమె కొంగున ఉన్నది. ఇంజను సప్పుడు లేదు. ఊరి దిక్కు పల్లం, అటు జారలే. బొందలగడ్డ దిక్కు ఎత్తు, ఆ ఎత్తే ఎక్కింది నిండు లోడుతోని, మనిషి నడిచినంత మెల్లగ. మొగిలిని పూడ్చినకాడికి పోయి ఆగింది. కింద డబ్బా నుంచి నూనె మొత్తం ఒక్కపారి కారిపోయింది. అంతే, మళ్ల ఆ గేర్‌బాక్సు తిరుగలే. యాకూబ్ వచ్చి ఇప్పితే లోపల మసి తప్ప ఏం లేదంట.

ఇప్పుడా లారీకి క్లచ్చున్న గేర్‌బాక్సే ఉన్నది. భూలచ్చి తోలుతది, ఓదెలు పక్కన కూసోని గేర్లు చెప్తడు. బతుకులు నడుస్తున్నయి, దానికేం. గని నాకు ఒకటే పురుగు తొలుస్తుండె, మూడోసారి పిలిచినంక వాడు అంతసేపు ఏం విన్నడని. ఒకనాడు వాడు ఒక్కడే దొరికితే అడిగిన. "పలికిండా ఓదేలూ" అని. "పలికిండు అవ్వా" అన్నడు. ఏమన్నడురా? "ఇంకొక్కపారి పిలువు తమ్మీ అన్నడు." నువ్వు పిలిచినవా? పిలువలే అన్నడు. మూడేసార్లు గదా అవ్వా పిలిచేది, అన్నడు. నాలుగోసారి పిలిస్తే ఏమవుతుండెనో నాకు తెల్వది, మీకు తెలిస్తే మీరే చెప్పుండ్రి. భూలచ్చికి మాత్రం ఈ ముచ్చట తెల్వది. ఎప్పుడన్న మీరు ఆమె లారీ ఎక్కితే, గా కల్లం దాటేదాక జర నోరు మూసుకోని కూసోండ్రి.