నూట నలభై మైళ్లు మోసిన ఈగలు

ఆ మధ్యాహ్నం గిరాకీ లేక ఈగలు తోలుకుంటున్న నా కళ్లద్దాల కొట్లోకి అసలుసిసలు ఈగలాయనే వచ్చాడు. సముద్రపొడ్డున ఏ ఈగ ఎక్కడుందో రాసుకొచ్చే ఉద్యోగం ఆయనది. తొమ్మిదేళ్లుగా టెంపరరీ. భూతద్దం పిడి విరిగిందని నా ముందు పెట్టి, బెంచీ మీద అద్దాల కోసం కూర్చున్న లారీ డ్రైవర్నీ, రిటైరైన సైన్సు టీచరమ్మనీ చూశాడు. వినేవాళ్లు దొరికారు కదా, ఇక ఆగలేదు.

"రేపు పదింటికి మా ఆఫీసరమ్మకి పటం, రిజిస్టరు, ఈగలున్న మూడొందల సీసాలూ అప్పగిస్తున్నా. ఆవిడ ఊఁ అంటే నేను పర్మినెంటు. అనక ఏం చేస్తుంది? నాచు మీద తిరిగే ఈగండీ అది, నల్లగా, నువ్వుగింజంత. ఒక్క రేవులోనే ఉందనుకునేవాళ్లు ఇన్నాళ్లూ. మొదటిరోజే నేను రెండో రేవులో ఒకటి పట్టా. అక్కడితో ఆగితే నేనెందుకు? వెనక కాలి వెంట్రుకలు లెక్కపెట్టి పోల్చుకోవాలి దాన్ని. నాకు ఆ అవస్థ మొదటి వారమే. ఆ తర్వాత కళ్లు మూసుకుని రొద విని చెప్పేసేవాణ్ణి, ఇది ఆడది, ఇది మగది, ఇది మొన్న పక్క రేవులో కనబడ్డది అని."

మరి ఈ భూతద్దం దేనికని అడిగాను. నలుగురి కోసం చేతిలో ఉండాలన్నాడు.

"మూడో వారానికి ఏమైందనుకున్నారు? నేను ఇసకలో కాలు పెట్టగానే అవే వరసలో నిలబడేవి. లెక్కయినవి కుడివైపు, కానివి ఎడమవైపు. ఓ ముసలీగ రెండోసారి లెక్కలోకి రాబోతే పక్కవే కసిరి వెనక్కి పంపాయి. ఇంతలో తుఫాను. దారి మునిగింది, ఇంకా నూట నలభై మైళ్ల తీరం మిగిలే ఉంది. అప్పుడేం చేశానో తెలుసా? దారపు రీలు విప్పి, ఒక్కో ఈగ నడుముకీ ఒక్కో పోగు కట్టి, కొసలన్నీ నా బెల్టుకి ముడేసి, పదండమ్మా అన్నా. అంతే, లేచా."

"తమరి బరువెంత?" అన్నాడు డ్రైవరు.

"అప్పట్లో సన్నంగా ఉండేవాణ్ణి."

"అప్పట్లో అంటే?"

"పోయిన నెల్లో. అడ్డురాకు బాబూ. కింద తీరం, పైన నేను, చేతిలో పటం. అవి ఎక్కడ కిందికి గుంజితే అక్కడ వాటి చుట్టాలున్నట్టు. అక్కడో చుక్క. అలా రెండొందల పన్నెండు చుక్కలు. చివరికి పాపం అవి అలిసిపోతే, జేబులో వేసుకుని నేనే మోశా."

"గాల్లోనే?"

"మరి కింద సముద్రమాయె, ఎక్కడ దిగమంటావు?"

డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. టీచరమ్మ నవ్వలేదు. నేను పిడి బిగించిన భూతద్దం అందుకుని, ఓ సీసా ఇటివ్వరా అంది. ఏడో తరగతిలో ఆవిడ దగ్గరే చదివాడట. సంచీలోంచి తీసి ఇచ్చాడు, బిడ్డ ఫొటో చూపిస్తున్నంత మురిపెంగా. ఆవిడ కిటికీ దగ్గరికెళ్లి చాలాసేపు చూసింది.

"వీటికి రెక్కలు నాలుగున్నాయేమిట్రా?"

"మరి అంత దూరం ఎగరాలంటే రెండు చాలుతాయా టీచరుగారూ?"

"ఈగకి రెండే రెక్కలు. ఇవి చిన్న జాతి కందిరీగలు."

"కందిరీగలోనూ ఈగ ఉందిగా అండీ."

"పేర్లోనే ఉంది నాయనా."

ఆయన ఇంకో సీసా తీసి తనే చూశాడు. తర్వాత మరోటి. మొహంలో నెత్తుటి చుక్క లేదు. నాకు నిజంగానే జాలేసింది. డ్రైవరు కూడా నవ్వాపేశాడు. రేపు పదింటికి ఆఫీసులో ఈయన పరిస్థితేమిటని ముగ్గురం ఆలోచిస్తుండగా, ఆయన నా బల్ల మీద పనిముట్లకేసి చూసి అడిగాడు.

"అన్నా, ఆ సన్న పట్టకారు రేపు పొద్దున్నదాకా ఇవ్వవా? రెండేసి పీకేస్తే సరిపోతుందిగా."