నలభై ఎర్ర స్కార్ఫులు

ఎగువ ఆనకట్ట నిండి నీళ్లు వదలక తప్పని స్థితి వచ్చింది. దిగువ మైదానంలో ముప్పై దేశాల స్కౌట్ పిల్లల శిబిరాన్ని మధ్యాహ్నం బస్సుల్లో ఖాళీ చేయించారు. తన జట్టుతో ఒక బడి హాల్లో దిగిన స్కౌట్ మాస్టారికి, ఆనకట్ట గేట్ల గదిలో పనిచేసే అక్క ఫోన్ చేసింది.

“ముందు వాడికివ్వు ఫోను. నీ ఘనకార్యాలు తర్వాత చెబుదువుగాని.”

“పడుకున్నాడక్కా. పిల్లలంతా తడిసి ముద్దయ్యారు. దుప్పట్లు కప్పి పడుకోబెట్టాం.”

“లేపు.”

“కాసేపు పడుకోనీ. నీకు కొడుకైతే నాకు మేనల్లుడు కాడూ?”

“బస్సెక్కడం నువ్వు చూశావా?”

“లెక్కపెట్టి మరీ ఎక్కించాను, మూడుసార్లు. నలభై ఎర్ర స్కార్ఫులు. ఆ వానలో ఎవడి మొహం ఎవడిదో తెలిసి ఏడిస్తేగా? రెయిన్‌కోట్ల మీద స్కార్ఫులు కట్టించి, వాటినే లెక్కపెడతాం. ఇరవై ఏళ్లలో ఒక్క పిల్లాడూ తప్పిపోలేదు.”

“జెండా దించారా?”

“ఏ జెండా?”

“మైదానం మధ్యలో ఉంటుందే, శిబిరం జెండా.”

“ప్రాణాల మీదికొస్తే జెండా ఎవరికి గుర్తుంటుంది? వదిలేసి వచ్చాం. ఏం, పైవాళ్లెవరైనా అడిగారా?”

“ఈవేళ ఎవరి వంతు?”

“మనవాడిదే. పొద్దున ఎగరేసిందీ వాడే. ఎగరేసినవాడే దించాలి, దించకుండా కదలకూడదని పిల్లలకు నూరిపోశాను. ఎందుకడుగుతున్నావ్?”

“ఇక్కడ వాన వెలిసింది. కిటికీలోంచి మైదానం కనిపిస్తోంది. ఇందాకటిదాకా జెండా ఎగురుతూనే ఉంది. ఇప్పుడు లేదు.”

“గాలికి ఊడిపోయి ఉంటుంది.”

“ఊడితే ఎగిరిపోతుంది. ఇది నిదానంగా దిగిందిరా. ఎవరో పట్టుకుని దించినట్టు.”

“ఊఁ.”

“వాడి దగ్గరకెళ్లు.”

“వెళ్తున్నా. ఊరికే హడలగొట్టకు. చిన్నప్పట్నుంచీ నీకంతే, తాడు చూసి పామంటావ్. ఇదిగో, ఈ మూల పడుకున్నాడు. స్కార్ఫు అంచున నువ్వు తెల్లదారంతో కుట్టిన పేరు కూడా కనిపిస్తోంది. చాలా?”

“మొహం చూడు.”

“గోడవైపు తిరిగి పడుకున్నాడు, పాపం…”

“దుప్పటి తీసి మొహం చూడరా.”

“చూస్తున్నా. చూస్తున్నా… అక్కా.”

“చెప్పు.”

“ఒక్క నిమిషం ఉండక్కా.”

“చెప్పరా.”

“వీడు మనవాడు కాదు. ఏదో పరాయి దేశం పిల్లాడు. నా మాటే అర్థం కావట్లేదు వీడికి. స్కార్ఫు మాత్రం మనదే.”

“నిన్న ఫోన్లో చెప్పాడు. పసుపు స్కార్ఫుల జట్టులో ఒకడితో స్నేహం కుదిరిందట, గుర్తుగా ఏదో మార్చుకున్నారట. బ్యాడ్జీలేమో అనుకున్నాను.”

“అయితే ఇంకేం, పసుపు జట్టు బస్సులో వచ్చి ఉంటాడు. వాళ్లూ ఈ హాల్లోనే దిగారు. ఉండు, వాళ్ల మాస్టారే ఇటొస్తున్నాడు.”

“అడుగు.”

“ఆగు, ఏదో అంటున్నాడు.”

“అడిగావా?”

“ఆయనే నన్నడుగుతున్నాడు. బస్సులో ఒకడు తక్కువైతే, వేరే బస్సెక్కి ఉంటాడనుకున్నాడట. ఇప్పుడు వీణ్ణి చూసి, దొరికాడని కావలించుకుని ఏడుస్తున్నాడక్కా.”

“మరి నా కొడుకు?”

“కంగారుపడకు. గేట్లెత్తేది నాలుగింటికని కదా రాసిచ్చారు? ఇంకా నలభై నిమిషాలుంది. మైదానం ఇక్కణ్ణుంచి పది నిమిషాలు. జీపు తీసుకుని నేనే వెళ్తా. జెండా దించేశాడు గనక ఇక బయల్దేరే ఉంటాడు, దారిలోనే ఎదురవుతాడు. నాలుగింటిదాకా గేట్లు ముట్టుకోవద్దని మీవాళ్లకు చెప్పు. వింటున్నావా? అక్కా?”

“మైదానం ఖాళీ అని సంతకం పెట్టింది నువ్వేగా?”

“ఆఖరి బస్సు నాదే గనక నన్ను పెట్టమన్నారు. పెట్టాను.”

“ఖాళీ అని కాగితమొస్తే నాలుగింటిదాకా ఆగక్కర్లేదన్నారు. కింద నీ సంతకం చూసి నిమ్మళించానురా, వాడు నీ దగ్గరే ఉన్నాడు కదా అని. గేట్లెత్తి పావుగంటయింది. ఎత్తింది నేనే.”