నోరు కనబడితేనే

జైలు ఆఫీసు గది. బల్లకు అటువైపు జైలరు, ఇటువైపు ఒక ఖైదీకి అక్క.

“కళ్లజోడు పోయింది శుక్రవారం. ఆ రోజు నుంచే మీ తమ్ముడికి పొగరెక్కింది. అంతకుమించి చెప్పడానికి నా దగ్గరేం లేదమ్మా.”

“పోయిందా, పగలగొట్టారా?”

“బ్యారక్‌లో తోపులాట జరిగింది. ఎవడి కాలి కింద పడిందో ఎవడికి తెలుసు? అత్తారింటికొచ్చిన అల్లుడా ఏమన్నా, సామాన్లన్నీ మేం పదిలంగా చూసిపెట్టడానికి?”

“కొత్తది చేయించి తెచ్చాను. ఇది వాడికి ఇప్పించండి. వాణ్ని డాక్టరుకు చూపించండి. ఈ రెండింటి కోసమే వచ్చాను.”

“ఫ్రేము ఇనపది. ఒంటరి గదిలోకి ఇనుము పోదు.”

“ప్లాస్టిక్‌ది తెస్తే?”

“అద్దం పగిలితే కోసుకుంటాడు.”

“అద్దాల్లేని కళ్లజోడు ఎక్కడ దొరుకుతుందో మీరే చెప్పండి... ఆగండి. ఒంటరి గదా? వాణ్ని ఒంటరి గదిలో పెట్టారా?”

“మరేం చెయ్యమంటావ్? పొద్దునా సాయంత్రం పేర్లు పిలుస్తాం. అందరూ పలుకుతారు. మహారాజు పలకడు. గుడ్లప్పగించి చూస్తాడు, అంతే. మావాళ్లు పెట్టిన పేరే అది, మహారాజు.”

“పేర్లు పిలిచే ఆయన ఎక్కడ నిలబడతాడు?”

“ఏంటీ?”

“ఎక్కడ నిలబడి పిలుస్తాడు?”

“మెట్ల మీద. ఖైదీలు మైదానం అవతల, గోడ వారన. ఏం, మీవాడికి చెవుడా?”

“చెవుడు కాదండీ. ఎవరూ పిలవకపోయినా పిలుపులు వినబడతాయి. అది జబ్బు. వాణ్ని ఇక్కడికి తెచ్చిన రోజే చెప్పాను.”

“అందరూ చెబుతారు. జబ్బులన్నీ ఈ గేటు దగ్గరే పుట్టుకొస్తాయి.”

“వాడికి నేనొక పద్ధతి నేర్పాను. ఎవరైనా పిలిస్తే ముందు నోరు చూడరా అన్నాను. నోరు కదిలితే పలుకు. కదలకపోతే అది మనిషి కాదు, ఊరుకో. అలాగే నెట్టుకొచ్చాడు. కళ్లజోడు లేకపోతే మైదానం అవతలి మనిషే వాడికి మసక. నోరెక్కడ కనబడుతుంది?”

“భలే కథ అల్లావమ్మా. అంత పద్ధతి తెలిసినవాడు, లోపల్నుంచి ఎవరో పిలిచారని పరాయివాళ్ల తలుపు ఎందుకు బద్దలుకొట్టాడు?”

“అప్పుడు మందు మానేశాడు. మందు పడకపోతే ఏ పద్ధతీ నిలవదు. ఇక్కడ ఇస్తున్నారా?”

“ఎందుకివ్వం? కాంపౌండరు కిటికీలోంచి పేరు పిలుస్తాడు. వచ్చినవాడికి ఇస్తాడు.”

“వీడు వెళ్లాడా?”

“చూడమ్మా, ఇక్కడ ఇంతమంది...”

“వెళ్లాడా సార్?”

“పలకనివాడు ఎలా వెళతాడు? చంకనెత్తుకుని తీసుకెళ్లాలా?”

“అంటే శుక్రవారం నుంచి మందు లేదు.”

“గొంతు పెంచకు.”

“పెంచలేదు.”

“పెంచలేదులే. ఆ చూపుంది చూడు, అది పెంచావు.”

“డాక్టరు ఎప్పుడొస్తారు?”

“పిచ్చి డాక్టరా? ఆ పోస్టు ఖాళీ. పెద్దాసుపత్రికి పంపాలంటే కాపలాకి పోలీసులు రావాలి. అడిగాం.”

“అడిగారా?”

“అడుగుతాం.”

“ఆ గదికి కిటికీ ఉందా?”

“తలుపుకి కింద కంత ఉంది. కంచం పట్టేంత.”

“అయితే బయట నుంచి ఎవరు మాట్లాడినా వాడికి నోరు కనబడదు. చేతులే కనబడతాయి.”

“దాన్నే శిక్ష అంటారమ్మా. ముఖాలు చూసుకుని ముచ్చట్లాడుకోవడానికి పెట్టలేదు.”

“నన్నొక్కసారి వాడి ఎదురుగా నిలబెట్టండి. తలుపు తీసి, అంతే. నా నోరు చూసి పలుకుతాడు. నేను మింగమంటే మందు మింగుతాడు. మీ పనే తేలికవుతుంది.”

“శిక్షలో ఉన్నవాడికి ములాఖత్ లేదు.”

“ములాఖత్ కాదండీ. ఒక్క మాట.”

“లేదంటే లేదు.”

“ఒక్క మాట సార్. పక్కన మీరే నిలబడండి.”

“జిడ్డులా పట్టుకున్నావే! ఏ మందూ అక్కర్లేకుండానే దారికొస్తారమ్మా ఆ గదిలో. ఇదిగో, వార్డరు వచ్చాడు, నీ చెవులతోనే విను. ఏమయ్యా, మన మహారాజు ఎలా ఉన్నాడు? నోరు విప్పాడా?”

“విప్పాడు సార్. పొద్దున్నుంచీ ఒకటే పలకడం. మాకు చెవులు పోతున్నాయి.”

“ఏమని?”

“‘వస్తున్నానక్కా, వస్తున్నానక్కా’ అని సార్. వస్తున్నానంటూ తలుపుకేసి తల బాదుకుంటున్నాడు. కంతలోంచి చూస్తే నేలంతా నెత్తురు. అది చెబుదామనే వచ్చాను.”

“విన్నావా? నేను చెప్పలా? మేం పిలిస్తే పలకడు, అక్క పిలిస్తే మాత్రం పరిగెత్తుకొస్తాడట! జబ్బట, జబ్బు! ఏమ్మా, ఎప్పుడు పిలిచావు? ఎవడికి చేయి తడిపి ఆ తలుపు దాకా వెళ్లావు?”

“నేను వాణ్ని ఇంకా పిలవలేదు సార్.”