బానెట్ మీద నఈమా చెయ్యి

ఆపు, ఆపు, ఆ మెరుగు మిషను ఆపరా తామిర్! తీసుకెళ్లి బానెట్ అంచు మీద పెట్టేశావేంట్రా, చెవి మెలిపెడతాను. ఏంటీ, ఆ మచ్చ పోవట్లేదా? పోదు. మీ నాన్న పెళ్లినాటిది అది. బదావీ మేస్త్రీ అంతటివాడే వదిలేశాడు, నీవల్ల ఏమవుద్ది? కారు కొనేవాడు రేపొస్తే రానీ. ఇలా నా కొట్లో కూర్చుని టీ తాగు. పుదీనా ఎక్కువైందా? అయితే అయింది, మొహం అలా పెట్టకు.

బదావీని నువ్వెక్కడ చూశావులే, నువ్వు పుట్టకముందే పోయాడు. ఎదురుగా ఫోన్లు అమ్ముతున్నారే, అదే వాడి షెడ్డు. అలెగ్జాండ్రియా మొత్తంలో కారుకి మెరుగు పెట్టాలంటే వాడే... సరే, మొత్తం కాదులే, మన అన్‌ఫూషీ పేట వరకూ. నోరు మాత్రం మహా చెడ్డది. కారు తెచ్చినవాణ్ణి ముందు తిట్టేవాడు, తర్వాత కారు కడిగేవాడు. "సముద్రపు ఇసక మీద మిషను తిప్పితే మెరుగొస్తుందా, నీ మొహం గీసుకుపోయినట్టు గీసుకుపోతుంది" అనేవాడు. అంచులన్నిటికీ అంటుకాగితం అతికించేవాడు, అక్కడ రంగు ఉల్లిపొరంతే ఉంటుందని. "మిషను అత్తగారి లాంటిదిరా, తిరుగుతున్నంతసేపూ ఇల్లు మెరుస్తుంది, ఒకచోట చతికిలబడిందా, కాలిపోతుంది" అనేవాడు. ఇంట్లో పెళ్లాం గిన్నె తోముతుంటే కూడా "ఒక్కచోటే రుద్దకే, తిప్పుతూ ఉండు" అన్నాడట. ఆవిడ ఆ గిన్నె పెట్టి కొట్టింది. నుదుటి మీద ఆ సొట్ట చచ్చేదాకా ఉంది వాడికి.

ఏం చెబుతున్నాను? ఆఁ, ఈ కారు. మీ నాన్న హమ్దీ దీన్ని కొన్న రోజు మీ నాయనమ్మ నఈమా గొర్రెను కోయించి, నెత్తుట్లో చెయ్యి ముంచి, బానెట్ మీద ఠపీమని వేసింది. దిష్టికి అందరూ వేస్తారు, సాయంత్రానికి కడిగేస్తారు. ఈవిడ కడగనిస్తేనా! "నా కొడుకు మీద ఏడ్చే కళ్లు ఎక్కువ" అని ఎండలో వారాల తరబడి అలాగే ఉంచింది. నెత్తురు ఎండి రంగుని తినేసింది. ఈలోగా పెళ్లి కుదిరింది. మీ అమ్మ వాళ్ల నాన్న, ఫర్గలీ తాత, రేవులో సరుకులు తనిఖీ చేసీ చేసీ మనుషుల్నీ అలాగే చూసేవాడు. "కసాయి బండిలో నా పిల్లని ఎక్కించను, చెరిపించు" అన్నాడు. ఇటు మీ నాయనమ్మేమో, "నా చెయ్యి చెరిపారో, పెళ్లికి రాను, నా శవం కూడా రాదు" అంది. పాపం మీ నాన్న ఇదే బల్ల మీద తలపెట్టి ఏడ్చాడు. చివరికి కారుని ఎదుటి షెడ్డుకి తోలుకెళ్లాడు.

బదావీ ఎండిన నెత్తురంతా నానబెట్టి కడిగాడు. చూస్తే, అయిదు వేళ్లూ రంగులోకే దిగిపోయి ఉన్నాయి. ముందు చిటికెనవేలు కొసన, గోరంత చోట, మెత్తటి మెరుగు ముద్ద రాసి చూశాడు. తర్వాత మొత్తం. కాసేపు తిప్పడం, చేతి వెనకవైపు ఆనించి వేడి చూడటం, ఆగడం. చివరికి మిషను కింద పెట్టేశాడు. "హమ్దీ, ఇంకొక్క చుట్టు తిప్పితే కింద పూత బయటపడుతుంది. తీసిన రంగు నేను మళ్లీ పెట్టలేను." "నా పెళ్లి పోతుంది మేస్త్రీ!" అని మీ నాన్న. బదావీ కారు చుట్టూ తిరిగాడు, వంగాడు, లేచాడు, ఇహ నవ్వు మొదలెట్టాడు.

ఎందుకంటావా? ఎదురుగా నిలబడితే అద్దంలా ఉంది, మచ్చే లేదు. ఎండ పక్కవాటుగా పడితే మాత్రం వేళ్లు తేలుతున్నాయి. మిట్టమధ్యాహ్నం ఫర్గలీని పిలిచి ఎదురుగా నిలబెట్టాడు. "ఏదీ అయ్యా చెయ్యి? మీ మీసమే కనిపిస్తోంది." ఆయన అందులో చూసుకుని మీసం దువ్వుకుని మరీ వెళ్లాడు. సాయంత్రం మీ నాయనమ్మని చక్రం పక్కన గొంతుక్కూర్చోబెట్టి, "చూడమ్మా, నీ చెయ్యి ఎక్కడికీ పోలేదు" అన్నాడు. ఒక్క అబద్ధమన్నా ఆడాడా చెప్పు, దొంగవెధవ! మీ నాన్నతో మాత్రం "ఊరేగింపు చీకటి పడ్డాకే" అన్నాడు.

అయితే ఫర్గలీ గడియారం చూసి నడిచే మనిషి కదా, పొద్దు వాలకముందే పిల్లని కారెక్కించేశాడు. సముద్రం ఒడ్డు రోడ్డు, ఎండ సరిగ్గా పక్కనుంచి. కారు ముందు నడుస్తున్న ఫర్గలీ వెనక్కి తిరిగాడు. బానెట్ మీద అయిదు వేళ్లు! డప్పులు ఆగిపోయాయి. మీ నాన్న మొహంలో నెత్తుటి చుక్క లేదు. మీ నాయనమ్మ కారు కిటికీలోంచి నడుం దాకా బయటికొచ్చి, "చూశావా అన్నయ్యా! మిషను పెట్టి గీకించావు, పోయిందా? దేవుడు నిలబెట్టిన చెయ్యి ఇది!" అని నాలుక ఆడిస్తూ పెళ్లి కేరింత కొట్టింది. ఆడవాళ్లంతా అందుకున్నారు. అంత జనంలో ఆయనేమంటాడు? అటూ ఇటూ చూసి, మెల్లగా తన చెయ్యి కూడా దాని మీద ఆనించి, కళ్లు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు. బదావీ నా జబ్బ గిల్లి, "నువ్వు నోరు మూసుకో" అన్నాడు.

ఏదీ, లే. ఎండ దిగింది. ఇలా వచ్చి చక్రం పక్కన కూర్చో. తల వంచు, ఇంకా. కనిపించిందా? చిటికెనవేలు వంకరగా లేదూ? తలుపు సందులో నలిగింది ఆవిడకి. నీకు చిక్కుడుగింజల ఫూల్ కలిపి తినిపించిన చెయ్యేరా అది. ఇంకొక్క చుట్టు తిప్పితే పోతుంది, కావాలంటే తిప్పుకో.

ఏరా, మిషను తీగ ఎందుకు చుట్టేస్తున్నావు? మరి రేపు కొనేవాడొస్తే...

సర్లే. ఆ గ్లాసు ఇటివ్వు, చల్లారిపోయింది, వేరేది పోస్తాను.