మూడో ఈల

అది కాదు సార్, మళ్ళీ అదే పేజీ తీస్తారేం? రెండువందల పన్నెండు. పొద్దున్నుంచీ ఇది నాలుగోసారి. నా పుస్తకంలో మూడువందల ఎనభై పేజీలున్నాయి, మీకు ఆ ఒక్కటే కనిపిస్తోందా?

పసుపు చీటీలు కూడా అంటించారే. నా పరిశోధనకి డాక్టరేట్ ఇవ్వొచ్చని సంతకం పెట్టిన ముగ్గురు పెద్దమనుషులు కూడా ఇన్ని చీటీలు పెట్టలేదు సార్. ఒకాయనైతే ముందుమాట చదివి, ముగింపు చదివి, మధ్యలో ఎక్కడో ఒక అచ్చుతప్పు పట్టుకుని, మంచి కృషి అని రాసి పంపించేశాడు.

ఆ తలుపు వేసే ఉంచండి. ఉక్కగానే ఉంది, పర్లేదు. బయట బెంచీ మీద మా అక్క కూర్చుని ఉంది. తమ్ముడు లోపల తన మొగుడి తరఫున మాట్లాడుతున్నాడని ధైర్యంగా ఉంది. అలాగే ఉండనివ్వండి కాసేపు.

నాకు తెలుసు సార్, మీకు టైం లేదు. రేపు మధ్యాహ్నానికి మీ నివేదిక పైకి వెళ్ళాలి. అందులో మీరు కుట్ర అని రాస్తే మా బావకి పదేళ్ళు. ప్రమాదం అని రాస్తే ఇంటికొస్తాడు. ఒక్క మాట తేడా. నేను మాటలమీద బతికేవాణ్ణి కదా, ఆ మాట మార్పించమని అక్క నన్ను పంపింది.

మా బావ కవి కాదండీ. బాయిలర్ మనిషి. ఊళ్ళోని ఆసుపత్రులన్నిటి దుప్పట్లూ ఉతికే లాండ్రీలో పంతొమ్మిదేళ్ళుగా ఆవిరి కాస్తున్నాడు. మీరు వెళ్ళారా అక్కడికి, ప్రమాదానికి ముందెప్పుడైనా? వెళ్ళుండరు. పొడుగాటి హాలు, ఒక పక్క ఉతికే యంత్రాలు, ఇంకో పక్క దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్లు, చివర బాయిలర్ గది. లోపల ఎదుటి మనిషి మొహం కనపడదు, అంత పొగమంచులా ఉంటుంది. మాట వినపడదు. అందుకే అక్కడ అంతా ఈలల మీదే నడుస్తుంది.

మొదటి ఈల అంటే పని మొదలు. రెండోది, ఒత్తిడి పెరుగుతోంది, మీటరు ముల్లు మీద ఓ కన్నేసి ఉంచండి అని. మూడోది వినపడిందంటే ఇక ముల్లు చూసే పని కూడా లేదు. తలుపులు తీసి బయటపడాలి.

కొత్తగా చేరిన ఆడవాళ్ళకి ఇది గుర్తుండేది కాదు. గోడమీద బోర్డు ఉంది గానీ సగంమందికి చదవడం రాదు. అందుకని బావ నాలుగు ముక్కలు కట్టి, దుప్పట్లు మడతపెట్టే లయలో నేర్పించాడు. నేను నా పుస్తకంలో వేసుకున్నదీ, మీ దగ్గరున్నదీ అదే.

“మొదటి ఈలకు చేతులు తడుపు, రెండో ఈలకు తలెత్తి చూడు, మూడో ఈల మోగిందంటే ఎవరి మాటా వినకు, తలుపులన్నీ తెరిచెయ్.”

ఎవరి మాటా వినకు అంటే ఏమిటంటారా? సూపర్‌వైజర్ మాట సార్. ఈ ఒక్క గంప అయ్యాక వెళ్ళండర్రా అంటాడు కదా, వాడి మాట. అంతకన్నా ఏమీ లేదు.

మరి నేనేం రాశాను? చదవకండి, నాకు కంఠతా వచ్చు. తడిసిన చేతులు శ్రమలో మునిగిన వర్గానికి సంకేతం. తలెత్తడం చైతన్యం. ఆవిరి అణచిపెట్టిన ఆగ్రహం. మూడో ఈల తిరుగుబాటుకి పిలుపు. ఎవరి మాటా వినకు అన్నది ధిక్కారం. తలుపులు అధికారపు ద్వారాలు. వాటికి ఒక పట్టిక కూడా వేశాను, ఎడమవైపు పదం, కుడివైపు దాని లోపలి అర్థం. గీతలు కూడా స్కేలు పెట్టి గీశాను. ఆ పట్టికే ఇప్పుడు మీ ఫైల్లో మొదటి అనుబంధం.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు సార్. చూసిన ప్రతిదీ సంకేతంలా కనిపించేది. భాష అధికారానికి కాపలాకుక్క అనేవాణ్ణి. ప్రతి పాఠమూ ఒక యుద్ధభూమి అనేవాణ్ణి. ఎవరో అన్నవే అవన్నీ, నావి కాదు, కానీ నా గొంతులో బాగా పలికేవి. క్యాంటీన్లో టీ తాగుతూ గ్లాసు అంచు మీద ఒక ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. మా బావ వింటూ కూర్చుని, ఆఖర్న, “అంతా బాగుంది గానీ ప్రొఫెసరూ, టీ చల్లారిపోయింది” అనేవాడు.

అయినా న్యాయంగా చెప్పండి. నేను నేర్చుకున్న శాస్త్రం ఏమంటుంది? పదానికీ వస్తువుకీ మధ్య పుట్టుకతో వచ్చిన బంధం ఏదీ లేదంటుంది. తలుపు అనే మాటలో చెక్కా లేదు, గొళ్ళెమూ లేదు. మనందరం ఒప్పుకున్నాం కాబట్టి అది తలుపు. కవితలోకి వచ్చేసరికి ఆ ఒప్పందం సడలుతుంది, పక్కనున్న మాటల్ని బట్టి కొత్త అర్థం తెచ్చుకుంటుంది. అంటే నా పట్టిక ఒక పాఠకుడు చేసిన ఊహ. ఒకడి ఊహతో ఇంకొకణ్ణి జైల్లో పెడతారా?

పెడతాం అంటారు. ఎందుకంటే ఆ రోజు తలుపులు నిజంగానే పగిలాయి.

పగిలాయి సార్. ఎందుకు పగిలాయో అది కూడా రాయండి. దుప్పట్లు మాయమవుతున్నాయని యజమాని ఆ వారమే బయటినుంచి తాళాలు వేయించాడు. పగలు పదకొండు గంటలకి మూడో ఈల మోగింది. నలభై ముగ్గురు తలుపుల దగ్గరికి పరిగెత్తారు. తెరుచుకోలేదు అవి. బావ తడిబట్టల ట్రాలీని, నిండా దుప్పట్లున్నదాన్ని, పది అడుగులు వెనక్కి లాగి తలుపు మీదికి తోశాడు. మూడుసార్లు. అందరూ బయటపడ్డాక బాయిలర్ పేలింది. సగం కప్పు కూలింది. బావ వీపంతా కాలిపోయింది, ఇప్పుడు ఆసుపత్రిలో బోర్లా పడుకుని ఉన్నాడు, మంచానికి సంకెల. ఆ దుప్పటి కూడా వాళ్ళ లాండ్రీదే అయ్యుంటుంది.

యజమానేమో పనివాళ్ళే కూడబలుక్కుని బాయిలర్ పాడుచేశారన్నాడు. మీవాళ్ళు ఇల్లు సోదా చేశారు. ఈ పుస్తకం దొరికింది.

ఎక్కడ దొరికిందో తెలుసా మీకు? పిల్లల బడి పుస్తకాల పక్కన, తెల్లగుడ్డ చుట్టి. బావ చదివింది ఐదో తరగతి. ఒక్క పేజీ అర్థం కాలేదు ఆయనకి. అయినా వచ్చినవాళ్ళందరికీ విప్పి చూపించేవాడట. నా మాటలు అచ్చేశాడు మా బామ్మర్ది, చూడండి, అని.

అవును. ఇప్పుడు ఆ పేజీకే వస్తున్నాను. తప్పించుకోవడం లేదు.

ముప్పై ఒకటో పేజీలో, రాసినవాడి ఉద్దేశంతో మనకి పని లేదు, రాసింది ఒకసారి బయటికొచ్చాక దాని గురించి రచయిత మాటకి ప్రత్యేకమైన విలువేమీ ఉండదు, అని రాశాను. అంత గట్టిగా రాసినవాణ్ణి, రెండువందల పన్నెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, ఈ అర్థాన్ని కవి తనంతట తానే ధ్రువీకరించాడు అని ఎందుకు రాశానని మీ ప్రశ్న. మంచి ప్రశ్న సార్. మూడేళ్ళలో ఎవరూ అడగలేదు.

మా గైడుగారు రాయించారు. అంటే ఆయన నేరుగా చెప్పలేదు లెండి. పట్టిక చూసి, ఇదంతా గాల్లో ఉందయ్యా, మనిషి బతికే ఉన్నాడుగా, ఓ మాట అడిగి కింద వేసెయ్, గట్టిపడుతుంది అన్నారు.

అడిగాను. ఆదివారం పొద్దున్న. బావ పెరట్లో గడ్డం గీసుకుంటున్నాడు. పట్టికంతా చదివి వినిపించాను. బుగ్గన నురగతో అలా చూసి, నవ్వి, “ఒరేయ్, ఈల మోగితే తలుపు తియ్యాలి. తియ్యకపోతే చచ్చిపోతారు. అంతే రా దానర్థం” అన్నాడు.

నాకెంత కోపం వచ్చిందో తెలుసా. నువ్వు ఎంత గొప్పది రాశావో నీకే తెలీదు బావా అన్నాను. ఆయన మొహం తుడుచుకుని, నీకు పనికొస్తుందంటే నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో అన్నాడు.

రాసుకున్నాను. కవి తనంతట తానే ధ్రువీకరించాడు. తారీఖు కూడా వేశాను.

తలుపు తియ్యండి అని చెప్పే పద్యానికి డాక్టరేట్ ఎవడిస్తాడు సార్? దాన్లో తిరుగుబాటు ఉండాలి. నేను ఒక్క ఊరేగింపులో ఆఖరిదాకా నడిచినవాణ్ణి కాదు, లాఠీ కనిపిస్తే సందులోకి తిరిగేవాణ్ణి. కనీసం మా బావ నోట్లోనన్నా ఒక విప్లవం పెడదామనుకున్నాను.

అబద్ధం సార్ అది. మొత్తం అబద్ధం. కాగితం ఇవ్వండి, రాసిస్తాను. డిగ్రీ పోతుంది, ఉద్యోగం పోతుంది, పోనివ్వండి. కావాలంటే నా మీద కేసు పెట్టండి.

ఎందుకు నవ్వుతున్నారు?

ఇవాళ రాసిచ్చేది బామ్మర్ది మాట, మూడేళ్ళ క్రితం అచ్చయింది సాక్ష్యం. అంతేగా? బావని కాపాడుకోడానికి ఏదైనా రాస్తాను అంటారు. నిజమే, రాస్తాను. కానీ ఇది రాసినవాణ్ణి నేనే కదా సార్, దీన్లో ఏది నిజమో ఏది కాదో నాకు కాక ఇంకెవరికి...

ఏ పేజీ తీస్తున్నారు?

ముప్పై ఒకటా.

చదవక్కర్లేదు. తెలుసు. రాసింది ఒకసారి బయటికొచ్చాక దాని గురించి రచయిత మాటకి విలువ ఉండదు. నేనే రాశాను. బాగా రాశాను కదూ.

లోకంలో నా పుస్తకం మొత్తం చదివింది మీరొక్కరే సార్. అర్థం కూడా చేసుకున్నారు.

సరే. మీ నివేదిక మీరు రాసుకోండి. నేను వెళ్ళి అక్కకి చెప్పాలి. ఏం చెప్పాలో తెలీదు.

ఆ తలుపు తియ్యండి సార్. ఊపిరాడటం లేదు.

అలా చూడకండి. తలుపు తియ్యమనే అన్నాను, ఇంకేమీ లేదు దాన్లో.